లారీ ఎక్కినవాళ్ళు తీసిన సినిమాలు

జపాన్ యానిమేషన్ సినిమాల గురించి మనవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఎక్కువగా వినపడేది "మనసుకి ఎంత హాయిగా ఉంటుందో" అనే మాట. పచ్చగడ్డి, మబ్బులు, వాన, పొగలు కక్కే నూడుల్స్ గిన్నె. ఆ ముక్కలు కత్తిరించి కింద ఏదో మెత్తటి సంగీతం పెట్టి వదిలితే రీల్‌కి లక్షల్లో లైకులు. ఆ గడ్డి నాకూ ఇష్టమే, కాదనను. కానీ వీటిని ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోతే నా కళ్ళకి ముందు తగిలేది వేరు. ఎవరి చేతిలో డబ్బుంది, ఎవరి చేతిలో లేదు, లేనివాణ్ణి ఉన్నవాడు ఏ మొహం పెట్టుకుని చూస్తున్నాడు. ముఖ్యంగా ఆ మొహం.

ఈ సినిమాల్లో పేరున్న దర్శకుడు హయావో మియాజాకి చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఆయన 1941 జనవరిలో పుట్టాడు. వాళ్ళ కుటుంబానికి విమాన విడిభాగాల ఫ్యాక్టరీ ఉండేది, జీరో యుద్ధవిమానాలకి భాగాలు అక్కడ తయారయ్యేవి, అంటే దేశమంతా తిండికి అల్లాడుతున్నా వీళ్ళింట్లో లోటు లేదు. 1945 జూలైలో ఉత్సునోమియా మీద అమెరికా విమానాలు నిప్పు కురిపించిన రాత్రి, నాలుగేళ్ళ ఆ పిల్లాడు ఇంట్లోవాళ్ళతో కలిసి లారీలో ఊరు దాటాడు. పెట్రోలు చుక్క దొరకని కాలంలో లారీ ఉండటమే పెద్ద సంగతి. అప్పుడు ఇరుగుపొరుగు ఎవరో పిల్లని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి, మమ్మల్నీ ఎక్కించుకోండి అని బతిమాలారు. లారీ ఆగలేదు. ఎక్కించుకుందాం అని ఆ రోజు తనెందుకు నోరు తెరిచి అనలేకపోయాననేది ఆయన్ని వదల్లేదు, పెద్దయ్యాక కూడా దాని గురించి చెప్పుకున్నాడు. నాలుగేళ్ళ పిల్లాడు ఏమంటాడు పాపం అని మనకి అనిపిస్తుంది. ఆయనకి అలా అనిపించలేదు.

నా వాదన ఏంటంటే, ఈ సినిమాల్లో చాలావరకు పేదరికాన్ని పేదవాడి కళ్ళతో చూపించవు, లారీలో చోటు దొరికినవాడి కళ్ళతో చూపిస్తాయి. ఆ విషయం దాచుకోవు కూడా. మన సినిమాల్లో పేదవాడంటే హీరో, జమీందారు కూతుర్ని చేసుకుంటాడు, ఆఖరి రీల్లో మేడ ఎక్కుతాడు, లేదంటే మేడ తగలబెడతాడు. ఇక్కడ ఆ రెండూ జరగవు. చూసేవాడు ఉన్నవాడు, వాడికి సిగ్గేస్తుంది, ఆ సిగ్గుతో ఏం చెయ్యాలో వాడికి తెలీదు.

ఇది అన్నిటికన్నా సూటిగా ఉన్నది మియాజాకి సహచరుడు ఇసావో తకహాతా 1991లో తీసిన 'ఓన్లీ ఎస్టర్డే'లో. దెయ్యాల్లేవు, మాయల్లేవు, ఎగిరే కోటల్లేవు. తయెకో అనే ఇరవయ్యేడేళ్ళ అమ్మాయి, టోక్యోలో ఆఫీసు ఉద్యోగం, 1982 వేసవిలో సెలవు పెట్టి యమగతా పల్లెలో కుసుమ పూలు కోయడానికి వెళ్తుంది. దారి పొడుగునా 1966లో తను ఐదో తరగతి చదివిన రోజులు గుర్తొస్తుంటాయి. ఆ ఇంట్లో వాళ్ళు మొదటిసారి అనాసపండు కొనుక్కొచ్చిన సీన్ ఒకటుంది, దాన్ని ఎలా కొయ్యాలో ఇంటిల్లిపాదికీ తెలీదు, చివరికి కోసి అందరూ చుట్టూ కూర్చుని భక్తిగా నోట్లో పెట్టుకుంటే పుల్లగా, పీచుగా తగులుతుంది. ఒక్కొక్కరే ముక్క పక్కన పెట్టేసి లేచిపోతారు, తయెకో ఒక్కతే మొండిగా నములుతూ కూర్చుంటుంది. అప్పుడప్పుడే చేతిలోకి డబ్బు వస్తున్న మధ్యతరగతి గురించి ఇంతకన్నా ఏం చెప్పాలి చెప్పండి.

ఇక కుసుమలు. మన తాండూరు వైపు కుసుమలంటే నూనె గింజలు. అక్కడ ఆ పువ్వుల నుంచి ఎర్రరంగు తీసి పెదాల రంగు చేసేవాళ్ళు. పూల చెట్టుకి ముళ్ళుంటాయి, పూర్వం ఆడపిల్లలు ఒట్టి చేతులతో కోసేవాళ్ళు, చేతులు రక్తాలు కారేవి, వచ్చిన రంగేమో క్యోటో వెళ్ళి గొప్పింటి ఆడవాళ్ళ పెదాల మీద చేరేది. కోసినవాళ్ళు జన్మలో ఆ రంగు పూసుకుని ఎరగరు. ఇదంతా తయెకో మనకి చెప్తుంది, తనేమో గ్లవ్స్ తొడుక్కుని సెలవుల్లో సరదాకి కోస్తుంటుంది. దర్శకుడు ఆ అమ్మాయిని తప్పుపట్టడు, అలాగని చూసీ చూడనట్టు వదిలెయ్యడు కూడా.

నన్ను పట్టుకుని ఊపేసింది మాత్రం అబే అనే పిల్లాడి సంగతి. ఆ పిల్లాడు సినిమా చివర్లో గానీ రాడు. పల్లెలో ముసలమ్మ తయెకోని కూర్చోబెట్టి, మా తోషియోని చేసుకుని ఇక్కడే ఉండిపోమ్మా అని అడిగేస్తుంది. తయెకోకి ఊపిరాడక వానలోకి పరిగెడుతుంది. తోషియో కారు ఆపి ఎక్కించుకుంటాడు. ఆ కారులో, ఆ వానలో, పెళ్ళి సంగతి మాట్లాడకుండా అబే గురించి చెప్పడం మొదలుపెడుతుంది. ఐదో తరగతిలో కొత్తగా వచ్చి చేరిన కుర్రాడు, బాగా లేనివాళ్ళు, మురికి బట్టలు, ఈమె పక్కనే కూర్చునేవాడు. క్లాసంతా వాణ్ణి చూసి ముక్కు మూసుకునేది. కొన్నాళ్ళకి వాడు బడి మారి వెళ్ళిపోతుంటే, టీచరు అందరితో చెయ్యి కలిపి వెళ్ళమంటే, వరసగా అందరికీ చెయ్యిచ్చి ఈమె దగ్గరికొచ్చేసరికి ఆగి, నీకు మాత్రం ఇవ్వను పో అంటాడు.

ఎందుకంటే, తయెకో ఎప్పుడూ వాణ్ణి నోటితో ఒక్క మాట అనలేదు. అనేవాళ్ళని కూడా, తప్పు, అలా అనకూడదు అనేది. క్లాసులో మంచి పిల్ల. కానీ లోపల అందరికన్నా ఎక్కువగా అసహ్యించుకున్నది తనేనని వాడికి తెలిసిపోయింది. వాడికి తెలిసిందని తనకీ తెలుసు. పదహారేళ్ళు దాన్ని మోసింది. ఇప్పుడు పల్లె జీవితం అంటే ఇష్టం అని తిరుగుతున్నది కూడా అలాంటి పైపై మంచితనమేనా అని అనుమానం. తోషియో పాపం ఓదారుస్తాడు, వాడికి నువ్వంటే ఇష్టం అయ్యుంటుంది, ఆ వయసు మగపిల్లలు అంతే అని.

మన బడుల్లో చదువుకున్న ఎవరికైనా ఆ బెంచీ తెలుసు. మన దగ్గర ఆ చూపు వెనక డబ్బుతోపాటు కులం కూడా ఉంటుంది, మంచినీళ్ళ గ్లాసు ఎవరు ముట్టుకున్నారనే లెక్క ఉంటుంది. ఈ సినిమాలో కులం ప్రస్తావన లేదు, లేనిదాన్ని నేను అంటగట్టను. కానీ "నేనైతే ఏమీ అనలేదు" అనుకునే మంచి పిల్లల బెంచీలో నేనూ కూర్చున్నాను కాబట్టి ఆ వాన సీన్ దగ్గర ప్రతిసారీ ఒక నిమిషం ఆపుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు దీని పక్కన మియాజాకి 2013లో తీసిన 'ద విండ్ రైజెస్' పెట్టండి. జీరో విమానాన్ని రూపొందించిన జిరో హొరికోషి కథ, సగం నిజం సగం కల్పన. జిరో ఉద్యోగానికి నగోయా వచ్చేనాటికి బ్యాంకుల ముందు జనం ఎగబడుతుంటారు, 1927 సంక్షోభం, డిపాజిట్లు మునిగిపోతాయని భయం. అతను కిటికీలోంచి చూస్తాడు, అంతే. తర్వాత ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ దుకాణంలో సైబీరియా కొంటాడు. రెండు కేకు ముక్కల మధ్య తియ్యటి చిక్కుడు గింజల హల్వా లాంటిది పెట్టి చేస్తారు. బయట వీధి దీపం కింద ఒక ఆడపిల్ల తమ్ముణ్ణి వీపున కట్టుకుని నిలబడి ఉంటుంది, అమ్మానాన్నలు పని నుంచి ఇంకా రాలేదు. జిరో దగ్గరికెళ్ళి మర్యాదగా కేకు ఇవ్వబోతాడు. ఆ పిల్ల అతని మొహంలోకి చురుగ్గా ఒక చూపు చూసి, తమ్ముడితో సహా చీకట్లోకి పారిపోతుంది. కేకు చేతిలోనే ఉండిపోతుంది.

స్నేహితుడు హొంజో దగ్గర ఇది చెప్తే అతను చీవాట్లు పెడతాడు. ఆ పిల్ల నవ్వి థాంక్స్ చెప్తుందనుకున్నావా అంటాడు. మనం గీస్తున్న ఆ విమానంలో ఒక్క బిగింపు ముక్కకయ్యే డబ్బుతో ఆ ఇల్లు నెల రోజులు గడుస్తుంది, జర్మన్ల దగ్గర టెక్నాలజీ కొనడానికి పోస్తున్న డబ్బుతో దేశంలో పిల్లలందరికీ రోజూ కడుపునిండా పెట్టొచ్చు అంటాడు. సరే, ఇంత తెలిసినవాడు ఏం చేస్తాడు? మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి బాంబర్ విమానం గీస్తాడు. ఇద్దరూ గీస్తారు. లారీ ఆగదు. తండ్రి ఫ్యాక్టరీ సంపాదన మీద పెరిగిన మనిషి డెబ్బై దాటాక ఈ సీన్ పెట్టాడంటే అది ఊరికే పెట్టింది కాదని నా నమ్మకం. ఈ సినిమా యుద్ధాన్ని సమర్థిస్తోందని ఒక పక్క, దేశద్రోహమని ఇంకో పక్క అప్పట్లో తిట్టుకున్నారు. ఆ గొడవలో కేకు సీన్‌ని పట్టించుకున్నవాళ్ళు నాకైతే పెద్దగా కనపడలేదు.

తకహాతా సంగతి వేరు. ఆయన లారీ ఎక్కలేదు. 1945 జూన్ 29న ఒకాయామా మీద బాంబులు పడ్డప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు, అక్కతో కలిసి రాత్రి బట్టల్లో, చెప్పుల్లేకుండా మంటల మధ్య పరిగెత్తాడు. 1988లో 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' తీసింది ఆయనే, అకియుకి నొసాకా 1967 నాటి కథ ఆధారం. ఇది చూసి ఏడవనివాళ్ళు లేరు. ఏడ్చాక ఆ పెద్దమ్మని తిట్టుకోనివాళ్ళూ లేరు. కానీ ఏడుపు పక్కన పెట్టి డబ్బు లెక్క ఒక్కటి పట్టుకుని చూడండి.

సెయితా నేవీ ఆఫీసరు కొడుకు. అమ్మ బ్యాంకులో 7,000 యెన్ దాచింది, ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు. ఇల్లు తగలబడి, అమ్మ పోయి, చెల్లెలితో పెద్దమ్మ వరసయ్యే చుట్టాలావిడ ఇంటికి చేరతాడు. ఓడలు బళ్ళు కావడం అంటే అదే. అమ్మ పట్టు కిమోనోలు బియ్యానికి మారతాయి, అందులో పెద్దమ్మ తన వాటా తీసుకుంటుంది. గంజిలో అడుగున ఉన్న మెతుకులు పనికెళ్ళే తన కూతురికి, ఇంట్లో ఉన్న ఇతనికేమో పైన తేలే నీళ్ళు, ఇదీ ఆమె పంపకం. నువ్వు పనికి పోవు, బడికి పోవు, తిండి మాత్రం కావాలి అని సూటిగా అంటుంది. సెయితా ఎదురు చెప్పడు, బ్యాంకుకెళ్ళి డబ్బు తీసి కుంపటీ గిన్నెలూ కొనుక్కొచ్చి, అదే ఇంట్లో విడిగా వండుకుంటాడు. ఆఫీసరు కొడుకు కదా, ఒకరి దగ్గర తల వంచడం నేర్పలేదు ఎవరూ. ఆఖరికి చెరువు పక్క గుహలోకి మకాం మారుస్తాడు. డబ్బుంటే బతకొచ్చనే లెక్క ఆ ఇంటి పెంపకంలోంచి వచ్చింది. కానీ రైతులు నోట్లు తీసుకోవడం మానేశారు, వాళ్ళకి వస్తువు కావాలి, ఇతని దగ్గర ఇవ్వడానికి వస్తువు మిగల్లేదు. పాపకి మంచి తిండి పెట్టాలి, మందేం లేదు అని డాక్టరు చెప్పి పంపేస్తే, మంచి తిండి ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పు అని అరుస్తాడు. బ్యాంకులో అప్పటికీ డబ్బుంది. అందుకే ఆ అరుపు అంత భయంగా ఉంటుంది.

అంతా అయిపోయాక, చెరువుకి అవతల ఉన్న బంగళాకి దాని సొంతదారుల పిల్లలు తిరిగొస్తారు. యుద్ధం రోజుల్లో ఎక్కడో చల్లగా ఉండి ఇప్పుడు వచ్చిన అమ్మాయిలు. కిటికీలు తెరిచి, గ్రామఫోన్ మీద ఇంటి గురించిన ఒక పాత ఇంగ్లీషు పాట పెడతారు. ఆ పాట చెరువు మీదుగా వచ్చి ఖాళీ గుహలో వినపడుతుంది. పాపం వాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు. పెద్దమ్మని తిట్టే జనం ఈ అమ్మాయిల గురించి ఎందుకు మాట్లాడరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెద్దమ్మ కనీసం కొన్నాళ్ళు గంజైనా పోసింది.

ఇక అందరూ చూసిన సినిమా, 'స్పిరిటెడ్ అవే', 2001. జపాన్ స్టాక్ మార్కెట్ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర ముగిసి, అక్కణ్ణుంచి కుప్పకూలింది. ఈ సినిమా వచ్చేనాటికి అక్కడ పదేళ్ళుగా ఉద్యోగాల కరువు. మొదటి పది నిమిషాల్లోనే ఇదంతా ఉంది. నాన్న ఆడీ కారు నడుపుతూ అడ్డదారి పడతాడు. పాడుబడిన వీధి చూసి, ఇలాంటి పార్కులు బూమ్ రోజుల్లో తెగ కట్టారు, తర్వాత దివాలా తీశాయి అని తేలిగ్గా చెప్తాడు. ఎవరూ లేని హోటల్లో కూర్చుని లాగించేస్తూ, ఏం ఫర్వాలేదు, క్రెడిట్ కార్డుంది, క్యాష్ ఉంది అంటాడు. అంటూనే పంది అవుతాడు. ఇంత మొహమ్మీద కొట్టినట్టు ఉన్న సీన్‌ని మనం మాయాజాలం అనుకుని దాటేస్తాం.

ఆ తర్వాత కూతురు చిహిరో పడేది కష్టం అనేకన్నా ఉద్యోగం అనడమే కరెక్టు. దేవుళ్ళు వచ్చి స్నానం చేసి వెళ్ళే ఒక స్నానాల హోటల్లో పనికి కుదురుతుంది. దాని అడుగున బాయిలర్ గది. ఆరు చేతుల కమాజీ తాత, మసితో చేసిన చిన్న చిన్న జీవాలు, ఒక్కోటి తనకన్నా పెద్ద బొగ్గు ముక్కని నెత్తిన మోస్తూ పొయ్యిలో వేస్తుంటుంది. ఒకటి బరువుకి నలిగి పడిపోతే చిహిరో జాలిపడి ఆ బొగ్గు ఎత్తుతుంది. అది చూసి మిగతావన్నీ టపటపా బొగ్గు తమ మీదే పడేసుకుని నలిగిపోయినట్టు నటిస్తాయి! నవ్వొస్తుంది. వెంటనే తాత గద్దిస్తాడు: వాటి పని నువ్వు చెయ్యకు, పని చెయ్యకపోతే వాటి మంత్రం పోయి మళ్ళీ మసి అయిపోతాయి. పని ఆపితే మనిషే ఉండడు. పిల్లల సినిమాలో కూలీ గురించి ఇంత కఠినమైన మాట నేనింకెక్కడా వినలేదు. వాటి కూలి ఏంటంటే రంగురంగుల పంచదార గుళికలు, లిన్ అనే పనమ్మాయి వచ్చి పిడికిళ్ళతో విసురుతుంది. ఆ లిన్ చేత పని చేయించుకోవాలంటే తాత కాల్చిన బల్లి లాంటిదాన్ని లంచం ఇవ్వాలి. నమ్మండి, ఏ మండల ఆఫీసు కన్నా తక్కువ కాదు ఆ హోటల్.

పై అంతస్తులో యజమాని యుబాబా, పెద్ద పెద్ద జాడీలు, తివాచీలు, చలిమంట. కింద పనివాళ్ళు ఒకే గదిలో వరసగా పరుపులేసుకుని పడుకుంటారు. నదీ దేవుడికి స్నానం చేయించినప్పుడు నేలమీద బంగారు రేణువులు మిగిలితే పనివాళ్ళంతా ఎగబడతారు, ఏరుకున్నదంతా బయట పెట్టమంటుంది యుబాబా. తర్వాత అందరికీ మందు పోయిస్తుంది, అందరూ ఖుషీ. బోనస్ బదులు పార్టీ ఇచ్చే మన ఐటీ కంపెనీల వాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా. లిన్ బాల్కనీలో కూర్చుని, ఎప్పటికైనా ఆ సముద్రం అవతలి ఊరికి పోతా, ఇక్కణ్ణుంచి బయటపడతా అంటుంది. సినిమా అయిపోతుంది. చిహిరో ఇంటికెళ్ళిపోతుంది, ఆడీ కారులో. లిన్ అక్కడే ఉంటుంది. చిహిరోకి మళ్ళీ లారీలో చోటు దొరికింది, లిన్‌కి ముందు నుంచీ లేదు, మనం చిహిరో వెంట బయటికొచ్చి చప్పట్లు కొడతాం. ఆ సినిమాకి బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, తర్వాత ఆస్కార్ వచ్చాయి. లిన్ ఏమైందని ఎవరైనా అడిగారో లేదో.

'ప్రిన్సెస్ మొనొనొకె' (1997) గురించి ఎక్కువ రాయను, దాని గురించి అందరూ రాశారు. ఒక్కటి మాత్రం. అందులో ఎబోషి దొరసాని అడవిని నరికేస్తుంది, అదే చేత్తో వేశ్యావాటికల నుంచి ఆడవాళ్ళని విడిపించి కొలిమి తిత్తుల దగ్గర పని ఇస్తుంది, కుష్టురోగుల పుళ్ళు కడుగుతుంది, వాళ్ళ చేత తుపాకులు చేయిస్తుంది. అడవిని కాపాడాలనే కుర్రాడికి ఆ ఆడవాళ్ళు చెప్పేది ఒక్కటే, ఇక్కడ కడుపునిండా తింటున్నాం, మగాళ్ళు మా జోలికి రారు. పర్యావరణం మీద లెక్చర్లిచ్చేవాళ్ళు ముందు ఆ తిత్తులు తొక్కే ఆడవాళ్ళకి జవాబు చెప్పాలి.

తకహాతా 1994లో తీసిన 'పామ్ పోకో' పైకి కామెడీ. టోక్యో పక్కన తామా కొండల్లో 1960ల నుంచి ప్రభుత్వం న్యూటౌన్ కట్టింది. కొండలు చదును చేసి అపార్ట్‌మెంట్లు లేపింది. అక్కడుండే తనుకీలు, అంటే కుక్కజాతిలో చేరే ఒక అడవి జంతువులు, మనుషులుగా మారే విద్యతో యుద్ధానికి దిగి ఓడిపోతాయి. అప్పుడు నగరంలో ముందే సెటిలైపోయిన ఒక నక్క వచ్చి సలహా ఇస్తుంది, మనుషుల వేషంలో ఉద్యోగాలు చేసుకుని బతకండి, మేమంతా అదే చేశాం అని. మరి వేషం మార్చడం రానివాళ్ళ సంగతేంటి అంటే నక్క దగ్గర జవాబుండదు. మారగలిగినవి టై కట్టుకుని, కిక్కిరిసిన రైళ్ళెక్కి, నీరసానికి టానిక్ సీసాలు తాగుతూ బతుకుతాయి. మారలేనివాటిలో కొన్ని పడవెక్కి చావుకి పోతాయి, కొన్ని రోడ్ల మీద బండ్ల కింద పడతాయి. హైదరాబాద్ చుట్టూ రాళ్ళగుట్టలు పగలగొట్టి టవర్లు లేచిన చోట ఫ్లాట్ కొనుక్కున్నవాళ్ళు దీన్ని నవ్వుతూ చూడటం కష్టం. ఇంగ్లీషు నేర్చుకుని టై కట్టినవాళ్ళం మనం, కట్టలేక ఊళ్ళో మిగిలిపోయినవాళ్ళు మన బంధువులు.

సునావో కతబుచి 2016లో తీసిన 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్' కూడా యుద్ధకాలం కథే. డబ్బు పుట్టక మామూలు జనం దగ్గర ఇంటర్నెట్‌లో చందాలు పోగు చేస్తే 3 కోట్ల 90 లక్షల యెన్ వచ్చాయి, దాంతో పని మొదలైంది. కురే ఊళ్ళో కొత్త కోడలు సుజు, కలుపు మొక్కలు ఏరుకొచ్చి కూర వండుతుంటుంది. ఒకరోజు చీమలు పట్టకుండా పంచదార గిన్నెని నీళ్ళలో తేల్చి పెడితే అది కాస్తా మునిగిపోతుంది. రేషన్ పంచదార మొత్తం నీళ్ళపాలు. అత్తగారు దాచుకున్న డబ్బిచ్చి పంపిస్తే, సుజు బ్లాక్ మార్కెట్‌కి వెళ్ళి ధర విని గుండె బాదుకుని, అయినా కొని, తిరుగుదారిలో తప్పిపోయి వేశ్యల వీధిలో తేలుతుంది. అక్కడ రిన్ అనే అమ్మాయి దారి చెప్తుంది. చాలా మామూలుగా కబుర్లు చెప్పుకుంటారు, సుజు ఆమెకి పుచ్చకాయ బొమ్మ గీస్తుంది. సుజు చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో అటకమీంచి చిరిగిన బట్టలతో ఒక పిల్ల దిగి, వీళ్ళు తిని పడేసిన పుచ్చకాయ తొక్కలు గీరుకుని తింటుంటే, సుజు పాపం ఇంకో ముక్క తెచ్చిపెడుతుంది. ఆ పిల్లే ఈ రిన్ అని సినిమా నోరు విప్పి చెప్పదు. ఒకరు తొక్కలు తిన్న పిల్ల, ఒకరు ముక్క తెచ్చి పెట్టిన పిల్ల, పెద్దయ్యాక ఒకరిది ఆ వీధి, ఒకరిది ఈ ఇల్లు. ఇక్కడ సిగ్గు కూడా లేదు, ఎందుకంటే సుజుకి ఆ వీధి ఏంటో సరిగ్గా తెలియనే తెలియదు. ఆ తెలియకపోవడం కూడా ఒక ఆస్తే.

నేను చెప్తున్న లెక్కకి అస్సలు లొంగని సినిమా ఒకటుంది, సతోషి కోన్ 2003లో తీసిన 'టోక్యో గాడ్‌ఫాదర్స్'. ఇందులో లారీ ఎక్కినవాళ్ళు ఎవరూ ముఖ్యపాత్రలు కారు. షింజుకు పక్కన పార్కులో నీలం టార్పాలిన్ గుడారాల్లో బతికే ముగ్గురు, తాగుబోతు గిన్, ఒకప్పుడు మగవాళ్ళు ఆడవేషం కట్టి ఆడిపాడే డ్రాగ్ క్లబ్బులో పాడిన హనా, ఇంట్లోంచి పారిపోయొచ్చిన టీనేజీ పిల్ల మియుకి. క్రిస్మస్ రాత్రి చెత్తలో పసిబిడ్డ దొరుకుతుంది. ఇందాక చెప్పిన స్టాక్ మార్కెట్ బుడగ పగిలాక టోక్యో పార్కుల్లో ఆ నీలం గుడారాలు నిజంగానే పెరిగాయి. ఇందులో డబ్బున్నవాళ్ళు అలా వచ్చి ఇలా పోతుంటారు, మనం ఆ ముగ్గురి పక్కన నిలబడి వాళ్ళని చూస్తాం. కుర్రాళ్ళ గుంపొకటి సంవత్సరాంతం క్లీనింగ్ అంటూ వచ్చి నిరాశ్రయులని చితకబాదుతుంది. క్లీనింగ్ అనే మాట వాళ్ళు సరదాగానే అంటారు.

గిన్ తన కథ చెప్పే తీరు గమనించండి. నేను సైకిల్ రేసర్ని, బిడ్డ జబ్బు కోసం ఓడిపోతానని డబ్బు తీసుకున్నాను, భార్యా బిడ్డా పోయారు అని చెప్తాడు. అందరూ కరిగిపోతారు. అదంతా అబద్ధం. సైకిల్ షాపు, జూదం, అప్పులు, పారిపోవడం, ఇదీ అసలు కథ. పేదవాడు కూడా జాలి పుట్టాలంటే కథ కల్పించుకోవాలని అతనికి తెలుసు, ఎందుకంటే జూదం ఆడి వీధిన పడ్డవాడికి ఎవరూ కేకు ఇవ్వరు. ఇది మియాజాకికి గానీ తకహాతాకి గానీ దొరకని నిజం అని నాకనిపిస్తుంది. కోన్ 2010లో నలభై ఆరేళ్ళకే పోయాడు.

కొత్త దర్శకుల్లో మకోతో షింకాయ్ తీసిన 'వెదరింగ్ విత్ యూ' (2019) మన థియేటర్లలో కూడా ఆడింది, ఫ్యాన్స్ సంతకాలు సేకరిస్తే వచ్చింది. అందరూ మబ్బుల బొమ్మల గురించి మాట్లాడారు. అందులో ఉన్నది ఆకలి. ఊరొదిలి వచ్చిన పదహారేళ్ళ కుర్రాడు మెక్‌డొనాల్డ్స్‌లో సూప్ ఒక్కటి పెట్టుకుని కూర్చుంటే, అక్కడ పనిచేసే అమ్మాయి చూసి బర్గర్ చేతిలో పెడుతుంది. ఆ అమ్మాయిది వయసు దాచి చేస్తున్న ఉద్యోగం, తర్వాత అదీ పోతుంది. ఆమె ఇంట్లో చిప్స్ పొట్లం నలిపి అన్నంలో కలిపి వండిన సీన్ నాకు ఆ మబ్బులన్నిటి కన్నా నచ్చింది. షింకాయ్ దాన్ని కూడా నోరూరేలా గీశాడు, అదే కొంచెం చిరాకు.

ఈ బొమ్మలు గీసినవాళ్ళ జీతాల సంగతి చెప్పకపోతే అన్యాయం. మియాజాకి 1963లో తోయి స్టూడియోలో చేరి, మర్నాడే అన్నట్టు 1964కల్లా యూనియన్ కార్యదర్శి అయ్యాడు, తకహాతా ఉపాధ్యక్షుడు. వాళ్ళ స్నేహం ఆ యూనియన్ పనుల్లో గట్టిపడింది. 1968లో తకహాతా మొదటి సినిమా 'హోరుస్' ఆ యూనియన్ వాళ్ళంతా కలిసి తీసింది, ఊరంతా కలిసి దెయ్యాన్ని ఓడించే కథ. డబ్బులు రాలేదు. అదే 1963లో ఒసాము తెజుకా టీవీకి వారం వారం యానిమేషన్ మొదలుపెట్టి ఖర్చు కన్నా తక్కువకి అమ్మాడు, ఆ తక్కువ ధరే అలవాటైపోయిందని పరిశ్రమలో ఇప్పటికీ వాపోతారు. ఒక ముఖ్యమైన బొమ్మకీ ఇంకోదానికీ మధ్య కదలిక చూపించే మధ్య బొమ్మలు గీసే కొత్తవాళ్ళకి బొమ్మకింత అని కూలి, 200 యెన్ అటూ ఇటూ. మియాజాకి, తకహాతాల స్టూడియో ఘిబ్లీ కూడా మొదట్లో సినిమా సినిమాకి మనుషుల్ని పెట్టుకుని తర్వాత పంపేసేది. 1989లో 'కికీస్ డెలివరీ సర్వీస్' హిట్టయ్యాక అందర్నీ పర్మనెంట్ చేసి జీతాలు రెట్టింపు చేద్దామనుకున్నారు. అలా నెల జీతాల మీద తీసిన మొదటి సినిమా 'ఓన్లీ ఎస్టర్డే'. ఆ చేతుల్లోంచే కుసుమ పూలు కోసే చేతులు వచ్చాయని తెలిశాక ఆ సీన్లు ఇంకో రకంగా కనపడతాయి. 2014లో ఆ ప్రొడక్షన్ విభాగాన్నే మూసేశారు, తర్వాత మళ్ళీ మనుషుల్ని పోగు చేసుకోవాల్సి వచ్చింది.

చూడాలనుకునేవాళ్ళకి, ఘిబ్లీ సినిమాలు చాలావరకు 2020 నుంచి మన నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నాయి, 'ఫైర్‌ఫ్లైస్' 2024 సెప్టెంబర్‌లో చేరింది. పిల్లలతో అయితే 'స్పిరిటెడ్ అవే' పెట్టండి, మసి జీవాల దగ్గర వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. 'ఫైర్‌ఫ్లైస్' పిల్లలకి వద్దు. 'ఓన్లీ ఎస్టర్డే' మొదటి గంట నెమ్మదిగా నడుస్తుంది, ఫోన్ పక్కన పెట్టి వాన సీన్ దాకా ఓపిక పట్టండి. అబేకి తయెకో అంటే ఇష్టమని తోషియో చెప్పింది మా ఇంట్లో సగం మంది నమ్మారు. నేనైతే నమ్మను, వాడికి చెయ్యివ్వాలనిపించలేదు, ఇవ్వలేదు.